4000 పదాల వ్యాసం: పిల్లలకి ఎంతవరకు చెప్పాలి, ఎక్కడ నోరు కట్టుకోవాలి?

కొత్తకెమిస్ట్రీ
పదకొండేళ్లు ఇంటర్ కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పాను. బిట్లు, వీకెండ్ టెస్టులు, ఎంసెట్ ర్యాంకులు, అదే నా లోకం. ఈ ఏడు హైదరాబాద్‌లో ఒక ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) స్కూల్లో చేరా. రెండో వారంలోనే కోఆర్డినేటర్ మేడమ్ ఆరుగురు పిల్లల పేర్లున్న కాగితం చేతిలో పెట్టి, ఎక్స్‌టెండెడ్ ఎస్సేకి (డిప్లొమా కోసం పిల్లలు సొంతంగా పరిశోధించి రాసే వ్యాసం, ఈఈ అంటారు) వీళ్ల సూపర్‌వైజర్ మీరే అన్నారు. సరే అన్నా. ఆ రాత్రి గైడ్ చదివాక నిద్ర పట్టలేదు.

విషయం పిల్లవాడే ఎంచుకోవాలి. ప్రశ్న వాడే రాసుకోవాలి. చదవడం, ప్రయోగం, రాత అన్నీ వాడివే, 4000 పదాలు దాటకుండా. నేను ఒక్కొక్కరికి మొత్తం మీద మూడు నుంచి ఐదు గంటలే ఇవ్వాలి. పూర్తి డ్రాఫ్ట్ ఒకే ఒక్కసారి చూసి వ్యాఖ్యలు రాయొచ్చు, వాక్యాలు మాత్రం దిద్దకూడదు. ఎర్ర పెన్ను లేకపోతే నేను మాస్టారినే కాదండీ!

నా ఆరుగురి సంగతి వినండి. ఒకడు "నల్లగొండ ఫ్లోరైడ్ సమస్య" అని ఒక్క లైను రాసి తెచ్చాడు. ఒకమ్మాయి చింతపండు అంది. చింతపండులో ఏంటమ్మా అంటే, ఇంకా తెలీదు సార్ అంది. ఒకడు క్యాన్సర్‌కి మందు కనిపెడతాడట. నాలుగోవాడు ఇంతవరకు మొహమే చూపించలేదు. ఐదో అమ్మాయి వాళ్ల నాన్న ఫోన్ చేసి, "ఎ గ్రేడ్ వచ్చే టాపిక్ ఏదైనా మీరే ఇచ్చెయ్యండి సార్, మా పాప కష్టపడి రాసేస్తుంది" అన్నారు. ఆరోవాడు రెండు రోజుల్లో వ్యాసం మొత్తం రాసి పట్టుకొచ్చాడు. ఇంగ్లీషు నాకంటే బాగుంది. అదే నా భయం.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఎంత చెప్తే సాయం, ఎంత చెప్తే వాడి పని నేను చేసినట్టు?

మాజీబాధితుడు
2019 బ్యాచ్. మా సూపర్‌వైజర్ కారిడార్‌లో ఎదురొస్తే నేను బాత్రూంలోకి దూరేవాణ్ణి. నాలుగోవాడికి నా సానుభూతి.

లెక్కలమాస్టారు
జడ్పీ హైస్కూల్లో ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. పదహారేళ్ల పిల్లలకి రీసెర్చ్ ఏమిటండీ! సొంతంగా ఒక పేరా రాయడం రానివాడికి 4000 పదాలా? చివరికి రాసేది తండ్రో, ట్యూషన్ మాస్టారో. మా బళ్లో ప్రాజెక్టు పేరుతో చార్టు మీద థర్మోకోల్ అతికించి తెస్తారు, అతికించింది అమ్మ అని గమ్ మరకలే చెప్తాయి. మీదీ అదే, కాస్త ఖరీదైన గమ్ము.

లైబ్రరీలక్ష్మి
ఇలాంటి స్కూల్లోనే పద్నాలుగేళ్లుగా లైబ్రేరియన్‌ని. కొత్తకెమిస్ట్రీ గారూ, చింతపండు అన్న పిల్ల మీ ఆరుగురిలో అందరికంటే ముందుంది. క్యాన్సర్ అన్నవాడు అందరికంటే వెనకున్నాడు. ప్రశ్న చేతిలో పట్టేంత ఉందా లేదా అన్నదే మొదటి నెలంతా మన పని.

మూడేళ్ల కిందట ఒకబ్బాయి చరిత్రలో రాస్తానని వచ్చాడు. కాగితం మీద "హైదరాబాద్ చరిత్ర" అని ఉంది. నాలుగు వందల పైచిలుకు ఏళ్లు, నాలుగు వేల పదాలు, ఏడాదికి పది పదాలు కూడా రావు నాన్నా అన్నా. నవ్వి వెళ్లిపోయాడు. వారం తర్వాత "మూసీ వరద" అని వచ్చాడు. అదెందుకురా అంటే, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కథ వాళ్ల నానమ్మ చెప్పిందట. 1908 సెప్టెంబరు 28న వరదొచ్చినప్పుడు ఆ చెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారే, ఆ చెట్టు. అప్పుడు కూర్చోబెట్టా. నేను అడిగినవి మూడే. దీని గురించి నీకేం తెలుసుకోవాలనుంది? పెద్దవాళ్లు ఒకరి మాట ఒకరు ఒప్పుకోని చోటు ఇందులో ఎక్కడుంది? దానికి సాక్ష్యం నీకు అందే దూరంలో ఉందా?

రెండు నెలలు తిరిగాడు. విశ్వేశ్వరయ్యని పిలిపించడం, 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ కట్టడం, ఇవన్నీ వరద వల్లే అని అందరూ రాస్తారు. కానీ 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీలు పడగొట్టి రోడ్లు వేయడానికి వరద ఒక్కటే కారణమా, ఆ రోజుల్లో ఊరిని పట్టుకున్న ప్లేగు కూడానా, ఏది ఎంత? అక్కడికి చేరాడు. ఆ ప్రశ్న వాడిదే. నేనిచ్చింది కుర్చీ, రెండు కప్పుల టీ.

ఇంకోటి కూడా జరిగింది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్తే కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉన్నాయి. వీడికి అలిఫ్ కూడా రాదు. ఇంటికొచ్చి ఏడ్చాడట. వాళ్ల తాతగారి అన్నగారికి తొంభై ఏళ్లు దగ్గర, నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివినవారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి తెలుగులో చెప్తుంటే వీడు రాసుకున్నాడు. అనువాదం ఎవరు చేశారో వ్యాసంలో స్పష్టంగా రాయించాం. ఆ ముసలాయన తన జన్మలో నిజాం సర్కారు కాగితం మనవడి కోసం చదువుతానని అనుకుని ఉండరు.

పీహెచ్‌డీఏడోఏడు
"సాక్ష్యం నీకు అందే దూరంలో ఉందా" అన్నది నన్ను మొదటేడే ఎవరైనా అడిగి ఉంటే నా హ్యాండిల్ పేరు ఇది అయ్యేది కాదు.

ఎడిసన్‌అత్తయ్య
మా న్యూజెర్సీలో పిల్లలకి ఇలాంటిదే ఏపీ రీసెర్చ్ అని ఉంది. 4000 నుంచి 5000 పదాల పేపరు, తర్వాత ప్రెజెంటేషన్, నలుగురి ముందు ప్రశ్నలకి జవాబులు, దాన్ని డిఫెన్స్ అంటారు. మా అమ్మాయి ఏపీ రీసెర్చ్ చేస్తోంది అని చెప్తే కాకినాడలో మా అత్తగారు ఎంత మురిసిపోయారో! "పోన్లే, అక్కడ పుట్టినా మన రాష్ట్రం మీద పరిశోధన చేస్తోంది, రాజధాని సంగతి కూడా తేల్చమను" అన్నారు. అది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అత్తయ్యా అని చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

గోదారిగట్టు
రాజధాని సంగతి 5000 పదాల్లో తేలదండి. ఆయ్.

లండన్‌లావణ్య
ఇక్కడ ఇంగ్లండ్‌లో ఈపీక్యూ (ఎక్స్‌టెండెడ్ ప్రాజెక్ట్ క్వాలిఫికేషన్) అంటారు. అదీ సుమారు 5000 పదాలే, లేదంటే ఏదైనా వస్తువు తయారుచేసి చిన్న రిపోర్టు ఇవ్వొచ్చు. ఎ స్టార్ వస్తే యూనివర్సిటీ సీటు లెక్కలో 28 పాయింట్లు. మావాడు గిటారు తయారుచేస్తానని గ్యారేజీ అంతా రంపపు పొట్టు చేశాడు. గిటారు మోగలేదు, రిపోర్టు మాత్రం అద్భుతంగా వచ్చింది. ఎందుకు మోగలేదో పది పేజీలు రాశాడు. మార్కులు దానికే పడ్డాయి.

నర్సన్ననల్లగొండ
ఫ్లోరైడ్ పిలగాని గురించి జెప్త. నేను మర్రిగూడ దిక్కోన్ని. మా ఇంట్ల మా చిన్నాయన నడుము వంగిపోయి ముప్పై ఏండ్లు మంచంల ఉన్నడు. అందుకే ఆ టాపిక్ జూస్తె మస్తు మందికి రాయబుద్ధైతది. కానీ సారూ, "నల్లగొండ ఫ్లోరైడ్ సమస్య" అంటె బొక్కలు వంగుడు ఉంది, పండ్ల మీద మచ్చలు ఉన్నయ్, బోరునీళ్లు ఉన్నయ్, రాజకీయం ఉంది, మిషన్ భగీరథ ఉంది. ఆ పిలగాడు కెమిస్ట్రీల రాస్తుండా, వేరేదాంట్లనా? గది ముందుగాల తేల్చుకోమనున్రి.

కెమిస్ట్రీ అయితె మా జిల్లా పేరు మీదనే ఒక పద్ధతి ఉన్నది, నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌ల ఉండే నీరి (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు తెచ్చిన్రు. నీళ్లల్ల పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతరు, బాగ తిప్పుతరు, తెట్టె కట్టి అడుగుకు దిగుతది, పైనీళ్లు వడగడ్తరు. మా ఊర్ల డ్రమ్ములల్ల చేసిన్రు చిన్నప్పుడు. పటిక ఎంతేస్తె ఎంత ఫ్లోరైడ్ తగ్గుతది అని చూస్తె అయిపాయె కదా, బల్ల మీద బీకరుల చెయ్యొచ్చు.

కొత్తకెమిస్ట్రీ
నర్సన్నగారూ, మీ చిన్నాయన గారి మాట చదివి కాసేపు ఆగిపోయాను. మీరు చెప్పింది నాకు తట్టింది, కానీ వాడికి చెప్పొచ్చా అన్నదే నా అనుమానం. చెప్పేస్తే ప్రశ్న నాదైపోదా?

లైబ్రరీలక్ష్మి
ఇలాంటి పద్ధతి ఒకటుంది, దాని గురించి చదివి రా అనొచ్చు. చదివే దారి చూపించడం మన పనే. "పటిక మోతాదు మీద చెయ్యి" అనడం మాత్రం మన పని కాదు. చదివి వస్తే వాడికే పది ప్రశ్నలు పుడతాయి. నీళ్లలో మిగిలిపోయే అల్యూమినియం మాటేమిటని కూడా అడగొచ్చు, అది ఆ పద్ధతి మీద ఉన్న అసలైన విమర్శే. మీరూ నేనూ అనుకున్న ప్రశ్న కాకుండా వేరేది తెస్తే మంచిదే.

లెక్కలమాస్టారు
అంటే జవాబు తెలిసీ తెలియనట్టు కూర్చోవాలన్నమాట. దీనికి మళ్లీ జీతం!

పీహెచ్‌డీఏడోఏడు
మా గైడు గారు ఏడేళ్లుగా అదే చేస్తున్నారు మాస్టారూ. ఆయనకి నిజంగానే తెలీదని నా అనుమానం.

కొత్తకెమిస్ట్రీ గారూ, మీ ల్యాబ్‌లో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉందా? లేకపోతే రంగు చూసి కొలిచే స్పాడ్‌న్స్ (SPADNS) పద్ధతి ఉంది. కొలిచే సాధనం లేకుండా ప్రశ్న ఖరారు చెయ్యనివ్వకండి. తాగేనీళ్లలో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5. అంత చిన్న అంకె దగ్గర మీ సాధనం నిజం చెప్తుందో లేదో ముందే చూసుకోవాలి.

కొత్తకెమిస్ట్రీ
ఎలక్ట్రోడ్ లేదు, కలరీమీటరు ఉంది. థాంక్స్ అండీ.

చింతపండు అమ్మాయి నిన్న వచ్చింది. కొత్త చింతపండుకీ పాత చింతపండుకీ పులుపులో తేడా ఉంటుందని వాళ్ల అమ్మమ్మ అంటుందట, అది నిజమో కాదో చూడాలంది. నాకు ఒళ్లు పులకరించింది. టార్టారిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్, ఒక మోలుకి రెండు మోల్స్. ఇంటర్ సిలబస్! అయితే ఒక చిక్కు. చింతపండు రసం గోధుమ రంగు, ఫినాల్ఫ్తలీన్ వేస్తే గులాబీ రంగు కనిపించి చావదు.

పీహెచ్‌డీఏడోఏడు
పీహెచ్ మీటరు పెట్టి వక్రరేఖ గీయండి. పైగా చింతపండులో టార్టారిక్ ఒక్కటే ఉండదు, మీరు కొలిచేది మొత్తం ఆమ్లత్వం, "టార్టారిక్‌గా లెక్కగడితే ఇంత" అని రాయాలి. తేమ కూడా చూడాలి. పాతది ఎండిపోయి ఉంటుంది, గ్రాముకి లెక్కేస్తే ఊరికే ఎక్కువ పులుపు చూపిస్తుంది. ఓవెన్‌లో ఆరబెట్టి పొడి బరువు మీద లెక్క కట్టండి.

గోదారిగట్టు
పాత చింతపండు ఎక్కడ కొంటారండి? కొట్టువాడు పాతదంటే పాతదా, నల్లరంగు చూసి నమ్మడమే. ఏ చెట్టుదో, ఏ ఊరిదో తెలీదు. బస్తర్ సరుకూ ఉంటది, చిత్తూరు సరుకూ ఉంటది. ఒకే చెట్టుది వేర్వేరు ఏళ్లది ఉంటే కదా పోల్చడం.

కొత్తకెమిస్ట్రీ
అదే విచిత్రం. వాళ్ల అమ్మమ్మగారి పెరట్లో ఒకే చెట్టు. ఆవిడ ఏ ఏటిది ఆ జాడీలో పెట్టి పైన బట్ట కట్టి ఏడు రాసిపెడతారట! 2022 నుంచి ఉన్నాయి. ఇంతకంటే మంచి శాంపిల్ ఏ ల్యాబ్ ఇస్తుంది?

ఎడిసన్‌అత్తయ్య
ఒక్క మాట. జాడీలో పెట్టేటప్పుడు ఆవిడ ఉప్పు కలుపుతారా? మా అమ్మ గింజ తీసి ఉప్పు వేసి తొక్కి పెట్టేది, పురుగు పట్టకుండా.

కొత్తకెమిస్ట్రీ
...

కొత్తకెమిస్ట్రీ
కనుక్కున్నా. కలుపుతారట. "గుప్పెడు." ఎవరి గుప్పెడో, ఎంత గుప్పెడో!

లెక్కలమాస్టారు
హహహ. ఇది బాగుంది. ఉప్పు ఆమ్లాన్ని తినదు కానీ తూకాన్ని తింటుంది.

పీహెచ్‌డీఏడోఏడు
ఉప్పు ఎంతుందో కొలిచి తీసేస్తే సరి. సిల్వర్ నైట్రేట్‌తో మోర్ పద్ధతి.

కొత్తకెమిస్ట్రీ
ఆమ్లంలో మోర్ పనిచెయ్యదు కదండీ. పైగా ఆ గోధుమ రంగులో క్రోమేట్ రంగు మారడం ఎలా కనిపిస్తుంది?

పీహెచ్‌డీఏడోఏడు
బూడిద చెయ్యండి. చింతపండుని కాల్చి బూడిద చేస్తే రంగూ పోతుంది, ఆమ్లమూ పోతుంది. బూడిద నీళ్లలో కరిగించి, క్షారం ఉంటే తటస్థం చేసి, అప్పుడు క్లోరైడ్ కొలవండి.

కొత్తకెమిస్ట్రీ
అద్భుతం. బూడిద చేసే మఫిల్ ఫర్నేస్ (బాగా వేడెక్కే కొలిమి) పక్క కాలేజీలో ఉంది, నాకు తెలిసినాయన ఉన్నాడు. శనివారం వెళ్లి ఒక ట్రయల్ వేసి చూస్తా. జాడీకి మూడు శాంపిళ్లు తీస్తే...

లైబ్రరీలక్ష్మి
ఆగండాగండి. ఇప్పుడు ఈ వ్యాసం ఎవరిది?

పైకి వెళ్లి మీ పోస్టులు మీరే ఒకసారి చదువుకోండి. రంగు చిక్కు మీరు చూశారు, పీహెచ్ మీటరు ఆయన చెప్పారు, ఒకే చెట్టు మాట గోదారిగట్టు గారిది, ఉప్పు అత్తయ్యగారిది, బూడిద మళ్లీ ఆయనదే. ఆ పిల్ల ఇంకా బ్యూరెట్ ముట్టుకోలేదు. చిక్కు పడి, విప్పుకునే సంబరమంతా మీరు నలుగురూ పంచుకున్నారు, పాపం దానికి ఏం మిగిల్చారు?

పీహెచ్‌డీఏడోఏడు
అయ్యో. నిజమే. సొంత థీసిస్ మీద రాని ఉత్సాహం చింతపండు మీద వచ్చేసింది.

ఎడిసన్‌అత్తయ్య
నేను వంటింటి ప్రశ్న అడిగానంతే, నన్ను వదిలెయ్యండి.

కొత్తకెమిస్ట్రీ
సిగ్గేసింది లక్ష్మిగారూ. ఒప్పుకుంటా. శనివారం ఫర్నేస్ కార్యక్రమం రద్దు. మరి ఇప్పుడు నేను దానితో ఏం మాట్లాడాలి? తెలిసిపోయింది కదా నాకు, తెలియనట్టు ఎలా ఉండను?

లైబ్రరీలక్ష్మి
ముందు చిన్న ప్రయోగం చేసి రమ్మనండి, ఇంట్లో దొరికిన చింతపండుతోనే. రంగు కనిపించక తిట్టుకుంటూ తనే వస్తుంది. అప్పుడు "మరి రంగు మీద ఆధారపడకుండా ఇంకెలా తెలుసుకోవచ్చు" అనండి చాలు. ఉప్పు సంగతి అస్సలు ఎత్తకండి. "జాడీలో పెట్టే ముందు అమ్మమ్మ ఏమేం చేస్తారో మొత్తం రాసుకుని రా" అనండి. రాసుకుంటే ఉప్పు కాగితం మీద ఉంటుంది. అది దానికి కనిపిస్తుందా లేదా అన్నదే అసలు పరీక్ష.

కనిపించకపోతే? డ్రాఫ్ట్ మీద వ్యాఖ్య రాసేటప్పుడు "నీ నమూనాల తయారీలో ఫలితాన్ని మార్చేది ఏదైనా ఉందా" అని ఒక ప్రశ్న రాయొచ్చు. అంతే.

ప్రమాదం ఉంటే మాత్రం ఈ మౌనాలేవీ లేవు. ఆమ్లాలు, మంట, కరెంటు దగ్గర నేరుగా ఆపెయ్యాలి.

నర్సన్ననల్లగొండ
లక్ష్మక్క చెప్పింది మంచిగుంది. పిలగాళ్లకు ఈత నేర్పేటప్పుడు బాయి గట్టుమీద నిలవడ్డట్టే. మునుగుతుంటె దూకాలె, తడబడ్తుంటె చూడాలె.

గోదారిగట్టు
తండ్రిగా ఒక మాట చెప్పనివ్వండి. ఐదో అమ్మాయి నాన్నగార్ని అందరూ నవ్వుతున్నారు గాని, నేనూ అలాగే ఫోన్ చేశానండి రెండేళ్ల కిందట. మాకు ఈ పద్ధతి తెలీదు. పెట్టిన ఫీజు చూస్తే గుండె జారుద్ది. ఈ వ్యాసంలో ఇ గ్రేడ్ వస్తే డిప్లొమాయే రాదని ఎవరో చెప్పారు. నిద్ర పట్టలేదండి. అదే సమయానికి ఒకాయన ఫోన్ చేసి టాపిక్ నుంచి ఫైనల్ దాకా అంతా మేమే చూసుకుంటామన్నాడు. రేటు కూడా చెప్పాడు, చెప్పుకోలేని రేటు. మా అమ్మాయి ఫోన్ లాక్కుని, నాన్నా పెట్టెయ్ అంది. ఆ రోజు నా కూతురు నాకంటే పెద్దదైందండి.

మాజీబాధితుడు
ఇ గ్రేడ్ సంగతి నిజమే. ఈఈ, టీవోకే (థియరీ ఆఫ్ నాలెడ్జ్ అనే ఇంకో తప్పనిసరి కోర్సు) రెండూ కలిపి వచ్చేది గరిష్ఠంగా 3 పాయింట్లే, 45లో. కానీ ఏ ఒక్కదాంట్లో ఇ వచ్చినా డిప్లొమా లేదు. నా 34 మార్కుల్లో 17 వచ్చాయి, సి. బతికిపోయా. అన్నట్టు విమర్శనాత్మక ఆలోచన ఒక్కదానికే 12 మార్కులు, దాని మీద పడమనండి.

లైబ్రరీలక్ష్మి
తమ్ముడూ, అది మీ కాలం లెక్క. 2027 మే నుంచి కొత్త గైడు. మొత్తం 30. చట్రానికి 6, విషయ పరిజ్ఞానానికి 6, విశ్లేషణకీ వాదన వరసకీ 6, చర్చకీ మూల్యాంకనానికీ 8, ఆత్మపరిశీలనకి 4. మీరు మూడుసార్లు రాసిన ఆ రిఫ్లెక్షన్లు ఇప్పుడు లేవు, చివరి వైవా అయ్యాక ఒక్కటే, 500 పదాల్లోపు. మూడు సమావేశాలు మాత్రం అలాగే ఉన్నాయి.

మాజీబాధితుడు
మూడుసార్లు నేను రాసినవన్నీ "చాలా నేర్చుకున్నాను" అనే. ఒకసారికి తగ్గించారంటే ఐబీ వాళ్లకీ విసుగొచ్చి ఉంటుంది.

లెక్కలమాస్టారు
2024 జనవరిలో ఆంధ్రాలో సర్కారు బళ్లకి కూడా ఐబీ తెస్తామని ఒప్పందం చేసుకున్నారు గుర్తుందా? అప్పుడు మా స్టాఫ్‌రూంలో ఇవే గైడ్లు తిరగేశాం. నా క్లాసులో 58 మంది. ఒక్కొక్కరికి ఐదు గంటలంటే 290 గంటలు. లెక్కలవాణ్ణి, ఊరికే చెప్తున్నా.

లండన్‌లావణ్య
మాస్టారి లెక్క కొట్టిపారెయ్యకండి. ఇక్కడ కూడా టీచర్ల గోల అదే.

కొత్తకెమిస్ట్రీ
ఆరోవాడి గురించి ఎవరూ చెప్పలేదు. రెండు రోజుల వ్యాసం.

లెక్కలమాస్టారు
చింపి చేతిలో పెట్టండి.

పీహెచ్‌డీఏడోఏడు
చింపడానికి ముందు ఒక సంగతి. ఏఐ వాడటమే నేరం అని ఐబీ అనలేదు. దాంట్లోంచి తెచ్చింది ఏదైనా ఉంటే అక్కడికక్కడ చెప్పాలి, ఆధారాల జాబితాలో కూడా ఉండాలి. చెప్పకుండా తనదిగా పెడితే దొంగతనమే. నేను కూడా వాక్యాలు సాఫు చేయించుకుంటా, దాచడం ఎందుకు. అదే పద్ధతిలో వాడెంత వాడాడో అడగాలి కదా.

లెక్కలమాస్టారు
సాఫు చేయించుకోవడానికీ, పుట్టించుకోవడానికీ తేడా లేదా నాయనా? మీ థీసిస్ ఏడేళ్లయినా అవ్వలేదంటే నిజాయితీగానే రాస్తున్నావని నమ్ముతున్నా.

పీహెచ్‌డీఏడోఏడు
ఇంత ఘోరమైన మెచ్చుకోలు నా జీవితంలో వినలేదు.

లైబ్రరీలక్ష్మి
నిందించొద్దు. పక్కన కూర్చోబెట్టుకుని, "తొమ్మిదో ఆధారం తెరిచి చూపించు నాన్నా, నాకూ చదవాలనుంది" అనండి. పోయినేడు మా దగ్గర ఒకమ్మాయి వ్యాసంలో పద్నాలుగు ఆధారాలుంటే రెండు ఈ భూమ్మీద ఎక్కడా లేవు. పత్రిక ఉంది, ఆ సంచికలో ఆ పేజీ ఉంది, ఆ వ్యాసం లేదు. వెతికీ వెతికీ దానికి కళ్లనీళ్లొచ్చాయి. నేనేం అనలేదు. మళ్లీ మొదటినుంచీ, ఈసారి చేత్తో నోట్సు రాసుకుంటూ మొదలుపెట్టింది. ఇది డ్రాఫ్ట్ కంటే ముందే తేలాలి. పైకి పంపే ముందు ఇది పిల్లల సొంత పనే అని మనం కూడా నిర్ధారించాలి, ఆ సంతకం తేలిక కాదు.

ఎడిసన్‌అత్తయ్య
మా అమ్మాయి డిఫెన్స్‌లో ఒక టీచరు అడిగిన ప్రశ్న: "ఈ పని మళ్లీ మొదటినుంచి చేస్తే ఏం మారుస్తావు?" సొంతంగా చేసినవాళ్లకి ఆ జవాబు గంటసేపు వస్తుంది. తప్పులన్నీ వాళ్లవే కదా.

గోదారిగట్టు
మా అమ్మాయి చరిత్రలో రాష్ట్ర విభజన మీద రాస్తానంటే పదేళ్లలోపు విషయం పనికిరాదని అప్పట్లో ఆపేశారండి. ఇప్పుడైతే 2014కి పదేళ్లు దాటిపోయింది, రాయొచ్చేమో. దానిది అదృష్టం. వాళ్లమ్మది వరంగల్ మరి, నేను గోదారి. ఆ వ్యాసం మా ఇంట్లో ముగిసేది కాదు.

నర్సన్ననల్లగొండ
😂 మీ ఇంట్ల డిఫెన్స్ రోజూ నడుస్తుండొచ్చు.

కొత్తకెమిస్ట్రీ
ఆరు వారాల తర్వాత వస్తున్నా. అడిగినవాళ్లకోసం.

ఆరోవాడు. తొమ్మిది కాదు, నాలుగో ఆధారం దగ్గరే దొరికాడు. ఐదు నిమిషాలు స్క్రోల్ చేసి, "సార్, నాకు ఏం రాయాలో తెలీలేదు" అన్నాడు. అందరికంటే ఎక్కువ సాయం కావాల్సింది వాడికే అని అప్పుడర్థమైంది. వాళ్ల మావయ్యకి హ్యాండ్‌వాష్ తయారుచేసే చిన్న షెడ్డు ఉందట, ఇప్పుడు రోజూ అక్కడ తిరుగుతున్నాడు. ప్రశ్న ఇంకా రాలేదు, రానివ్వండి.

క్యాన్సర్ బాబు ఆస్పిరిన్‌కి దిగాడు. ఇంకా దిగాలి.

ఐదో అమ్మాయి నాన్నగారితో గంట మాట్లాడా. గోదారిగట్టు గారి పోస్టు చదివి వినిపించా, పేరు చెప్పకుండా. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, సార్ ఆ రేటు ఎంతో చెప్పారా అన్నారు. ఏం చెయ్యాలో నాకు తెలీడం లేదు.

ఫ్లోరైడ్ అబ్బాయి మర్రిగూడ వెళ్లొచ్చాడు. వెళ్లొచ్చాక రెండు వారాలు కెమిస్ట్రీ ఎత్తలేదు, అక్కడ చూసినవాళ్ల గురించే మాట్లాడాడు. నేనూ వింటూ కూర్చున్నా, ఐదు గంటల లెక్కలో అది రాయలేదు. మొన్న వచ్చి, పటిక ఎక్కువేస్తే ఫ్లోరైడ్ తగ్గుతుంది సరే, అల్యూమినియం పెరిగితే ఇంటావిడకి ఎలా తెలుస్తుంది సార్ అన్నాడు. లక్ష్మిగారూ, మీరు చెప్పిందే, కానీ "ఇంటావిడకి" అన్నది వాడిదే.

చింతపండు. మొదటి టైట్రేషన్ చేసి మూతి ముడుచుకుని వచ్చింది. రెండో వారానికి పీహెచ్ మీటరు అడిగింది. అమ్మమ్మ చేసేదంతా రాసుకొచ్చింది, నాలుగో లైనులో ఉప్పు ఉంది. నేను గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నా. చదివింది, పైకి చూసింది, "సార్, 2023లో మా ఇంట్లో పెళ్లిసందడి, అమ్మమ్మ ఊళ్లో లేదు, ఆ ఏటి చింతపండు మా పిన్ని పెట్టింది, పిన్ని ఉప్పెక్కువ వేస్తుంది" అంది. ఇది నాకూ మీకూ ఎవరికైనా తట్టిందా?

పీహెచ్‌డీఏడోఏడు
తట్టలేదు. బూడిద మాట చెప్పకండి ప్లీజ్. అది ఏం చేస్తుందో చూడాలనుంది.

లెక్కలమాస్టారు
పిన్ని గుప్పెడు, అమ్మమ్మ గుప్పెడు విడివిడిగా తూచమనండి. ... క్షమించాలి, నోరు జారింది.

లైబ్రరీలక్ష్మి
మాస్టారూ!

మాజీబాధితుడు
నాలుగోవాడు వచ్చాడా సార్?

కొత్తకెమిస్ట్రీ
నిన్న కారిడార్‌లో కనిపించాడు. బాత్రూంలోకి దూరాడు.

మాజీబాధితుడు
బయటే నిలబడండి. నేనైతే పదిహేను నిమిషాల కంటే ఎక్కువ ఉండలేకపోయేవాణ్ణి.